అద్దంలాంటి నేల, అత్తగారి అడుగు

ఊరూ పేరూ వేయవద్దని కోరుతూ ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పాత పెంకుటింటి స్థలంలోనే కొత్త ఇల్లు కడుతున్నారట. గోడలు లేచాయి, కప్పు పడింది, ఇక నేల పని మిగిలింది. ఆ నేల దగ్గరే ఇంట్లో మూడు పక్షాలు ఏర్పడ్డాయి. వారి శ్రీవారికి బావమరిది ఇంట్లో చూసిన అద్దంలాంటి తెల్లటి టైల్సు కావాలి. వీధి గది మొదలు స్నానాలగది దాకా అదే రకం వేయిస్తే ధర తగ్గిస్తానని కొట్టువాడు ఆశ పెట్టాడు. అత్తగారికి డెబ్భయ్యారేళ్ళు. "మన పాత నాపరాళ్ళకేం వచ్చింది?" అని ఆమె ప్రశ్న. మేస్త్రి మాత్రం, "గ్రానైటు వేయించండమ్మా, తరతరాలు పడి వుంటుంది" అంటున్నాడు.

ఇంతవరకూ అయితే ఏ ఇంట్లోనైనా వుండే భాగోతమే. అసలు సంగతి నాలుగో పేజీలో వుంది. పోయిన సంక్రాంతికి ఆ తమ్ముడి ఇంట్లోనే అత్తగారు కాళ్ళు కడుక్కుని హాల్లోకి వస్తూ జారారట. పక్కన మనవడు వుండి పట్టుకోబట్టి సరిపోయింది. "ఆ మాట ఎత్తితే మా పుట్టింటి నేలకు నేనే వంక పెట్టినట్టవుతుంది. ఎత్తకపోతే రేపు మా ఇంట్లోనే పడతారేమోనని భయం. నెలాఖరులోగా సరుకు చెప్పాలి. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషికి నేల సంగతులేం తెలుసునని మీరనవచ్చు. ఒక ఇల్లు కట్టించాను. మా కాలేజీ ఆడపిల్లల హాస్టలు కమిటీలో వుండి, ఆ స్నానాలగదుల నేల మార్పించే పనీ నా నెత్తినే పడింది. రోజూ తడికాళ్ళతో పరుగెత్తే పిల్లలున్నచోట ఏ టైలు ఎలాంటిదో తొందరగానే తెలిసివస్తుంది.

ముందుగా కొట్టుకు వెళ్ళకండి. ఇంట్లోనే కూర్చుని గదిగదికీ ఒకే ప్రశ్న వేసుకోండి: ఇక్కడ నేలమీద ఏం పడుతుంది? స్నానాలగదిలో నీళ్ళూ సబ్బూ పడతాయి. వంటింట్లో నూనె, చింతపండు పులుసు, పసుపు. వీధి గదిలో చెప్పులతో వచ్చిన ఇసుక. దేవుడి గదిలో దీపపు నూనె, కుంకుమ. వరండాలో వానజల్లు. పడేవాటిలో మనుషులు కూడా వున్నారని మరచిపోకండి. కొట్టులో నేల ఎప్పుడూ పొడిగానే వుంటుంది, నెత్తిమీద ఇరవై దీపాలు వెలుగుతుంటాయి, మనం చెప్పులతోనే నడుస్తాం. అక్కడ అందంగా కనబడ్డది మన ఇంట్లో తడికాలికి ఎలా వుంటుందో ఆ కొట్టు ఎన్నటికీ చెప్పదు.

ఇక రకాల సంగతి. కొట్టువాళ్ళు సిరామిక్ అంటారు, పోర్సిలీన్ అంటారు, విట్రిఫైడ్ అంటారు, ఆ పేర్లకే సగం మంది బెదిరిపోతారు. మన వంటింటి భాషలో చెప్పుకుంటే చాలా తేలిక. అన్నీ మట్టే, అన్నీ కాలినవే. మంచినీళ్ళ కుండ వున్నది, ఆవకాయ జాడీ వున్నది. కుండకు సన్నని రంధ్రాలుంటాయి, నీరు చెమర్చి బయటికి వస్తుంది, అందుకే లోపలి నీళ్ళు చల్లబడతాయి. జాడీలో ఏడాదిపాటు నూనె పోసి వుంచినా చుక్క ఊరదు. ఎంచేతంటే దాని మట్టి వేరు, కాల్చిన వేడి ఎక్కువ, లోపలి రేణువులు కరిగి గాజులా అతుక్కుపోయాయి.

గోడలకు వేసే మామూలు సిరామిక్ టైలు కుండ జాతిది, పైన మెరుగుపూత పూసిన కుండ అనుకోండి. పోర్సిలీన్ టైలు జాడీ జాతిది. మన దేశంలో విట్రిఫైడ్ అని అమ్మేది దాదాపు ఆ పోర్సిలీన్ జాతే. సుమారు 1200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాలుస్తారు. లాటిన్‌లో విట్రుమ్ అంటే గాజు, ఆ మాటలోంచే విట్రిఫైడ్ వచ్చింది. పోర్సిలీన్ అన్నది ఇటాలియన్ మాట, మొదట దానర్థం గవ్వ! చీనా పింగాణీని తొలిసారి చూసినవాళ్ళకు దాని నునుపు గవ్వలా తోచింది కాబోలు. మాటల పిచ్చి వున్నదాన్ని, చెప్పకుండా వుండలేకపోయాను.

ఈ కుండకూ జాడీకీ తేడా అంకెల్లోనూ వుంది. గోడ టైలు తన బరువులో నూటికి 10 పాళ్ళకు మించి నీరు పీలుస్తుంది. విట్రిఫైడ్ టైలు అర పాలుకు మించి పీల్చకూడదు. అంటే కిలో బరువున్న గోడ టైలు నానబెడితే 100 గ్రాములకు పైన నీరు తాగుతుంది. అదే బరువున్న విట్రిఫైడ్‌ది 5 గ్రాముల దగ్గరే ఆగిపోవాలి. అట్టపెట్టె మీద ఈ సంఖ్య వేసి వుంటుంది, చదవండి. చదవడానికి ఓపిక లేకపోతే టైలును బోర్లించి, మెరుగు లేని వెనకవైపు నాలుగు చుక్కల నీరు వేయండి. కుండ జాతిదైతే చూస్తుండగానే మచ్చపడి ఇంకిపోతుంది. జాడీ జాతిదైతే చుక్క చుక్కలాగే నిలుస్తుంది. కొట్టువాడు నవ్వితే నవ్వనివ్వండి.

అంతమాత్రాన సిరామిక్ నాసిరకమని కాదు సుమండీ. గోడకు అదే హాయి: తేలిక, చవక, కోయడం సులువు. గోడమీద ఎవరూ నడవరు గదా. కాని గోడ టైలు చూడ్డానికి బావుందని నేలమీద పరిపించకండి, ఇత్తడి బిందె అంచు తగిలితే పెచ్చు లేస్తుంది.

విట్రిఫైడ్‌లోనూ రెండు జాతులు చెప్పుకోవాలి. ఒకటి పైన బొమ్మ అచ్చువేసి మెరుగుపూత పూసినది. చలువరాయిలా, కొయ్యలా, ఎలా కావాలంటే అలా కనిపిస్తుంది. పెచ్చు లేస్తే కింది మట్టిరంగు బయటపడుతుంది. రెండోది డబుల్ చార్జి అంటారు. రంగు పైపూత కాదు, 3, 4 మిల్లీమీటర్ల మందాన రంగుమట్టినే పోసి వత్తుతారు. బొమ్మలు అంత సొగసుగా వుండవు గాని అరిగినా అదే రంగు. మనుషుల రాకపోకలు ఎక్కువగా వుండే వీధి గదికి నేనైతే రెండోదే అంటాను. మెరుగుపూత వున్న టైళ్ళకు అరుగుదలను బట్టి 1 నుంచి 5 దాకా పి.ఇ.ఐ. అని ఒక తరగతి ఇస్తారు. ఇంటి నేలకు 3కు తక్కువ వద్దు, వీధి గుమ్మం దగ్గర 4 అయితే మంచిది.

ఇప్పుడు ఆ సోదరి నాలుగో పేజీ సంగతికి వద్దాం. నునుపుగా సానపట్టిన టైలు పొడిగా వున్నంతసేపూ మర్యాదగానే వుంటుంది. దానిమీద పల్చని నీటిపొర పడితే పాదానికీ టైలుకూ మధ్య పట్టు పోతుంది. సబ్బునీరో నూనెచుక్కో అయితే చెప్పనే అక్కర్లేదు. పెద్ద వయసులో ఎముకలు గుల్లబారి వుంటాయి. కుర్రవాడు జారితే నవ్వి లేస్తాడు, డెబ్భయి దాటినవారు జారితే తుంటి ఎముక విరిగి మంచాన పడవచ్చు. ఆ మంచం మళ్ళీ దిగగలుగుతారో లేదో ఏ డాక్టరూ హామీ ఇవ్వలేడు. ఇదంతా ఒక చదరపుటడుగు టైలు ధరలో కొద్దిపాటి తేడా దగ్గర తేలవలసిన విషయం కాదు.

జారుడును కొలవడానికి జర్మనులు ఒక పద్ధతి పెట్టారు. ఏటవాలుగా లేపగలిగే బల్లమీద టైళ్ళు పరచి, నూనె పోసి, బూట్లు తొడిగిన మనిషిని నడిపిస్తారు. పడకుండా నడుముకు తాడు కడతారు లెండి. బల్లను లేపుకుంటూ పోతారు. 6 నుంచి 10 డిగ్రీల వాలులోపే కాలు జారితే ఆర్ 9, 19 డిగ్రీల దాకా నిలిస్తే ఆర్ 10, 27 దాకా అయితే ఆర్ 11, అలా ఆర్ 13 వరకూ. ఉత్తకాళ్ళతో, సబ్బునీళ్ళతో చేసే పరీక్ష మరొకటి వుంది. దానికి ఎ, బి, సి అని తరగతులు. మన స్నానాలగదికి రెండోదే దగ్గర. 'బి' వుంటే బావుంటుంది. ఆర్ లెక్కలోనే చూపిస్తే 10 గాని 11 గాని అడగండి. ఇంకా గరుకు మంచిదేమో అని 13 దాకా పోకండి, ఆ గరుకులో మురికి పట్టుకుని కడగలేక ప్రాణం విసుగెత్తుతుంది.

ఈ అంకెలు మీ ఊరి కొట్టులో చెప్పలేకపోయినా దిగులుపడనక్కరలేదు. మీకు నచ్చిన రెండు మూడు రకాల్లో ఒక్కొక్క టైలు డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకోండి. పెరట్లో చదునైనచోట, గోడ పక్కన పెట్టండి. సబ్బునీళ్ళు చల్లండి. ముందు ఇంటాయన్ని ఉత్తకాళ్ళతో నిలబడమనండి, ఒక చెయ్యి గోడకు ఆనించి, పాదాన్ని మెల్లగా ముందుకు తోసి చూడమనండి. అత్తగారిని ఎక్కించకండి, ఆమె కుర్చీలో కూర్చుని పాదం ఆనించి చూస్తే చాలు. తమ్ముడి ఇంటి ఊసు ఎత్తవలసిన పనే వుండదు. మాటతో ఒప్పుకోని మగవారు అరికాలు చెబితే ఒప్పుకుంటారని నా అనుభవం.

స్నానాలగదికి మరో రెండు సంగతులు. అక్కడ పెద్ద పలకలు వద్దు. రెండడుగులకు నాలుగడుగుల టైలు పెట్టి, నీరు తూము వైపు పోయేలా నాలుగువైపుల నుంచీ వాటం ఇవ్వడం ఏ మేస్త్రివల్లా కాదు. ఎక్కడో నీరు నిలుస్తుంది, నిలిచినచోట పాచి పడుతుంది. అడుగు చదరమో అంతకన్నా చిన్నవో అయితే వాటం లక్షణంగా కుదురుతుంది, సందులు ఎక్కువగా వుంటాయి కాబట్టి కాలికి పట్టూ దొరుకుతుంది. రెండోది రంగు. గుమ్మం దగ్గర మెట్టూ, కింది నేలా ఒకే తెలుపైతే చూపు తగ్గినవారికి మెట్టు వున్నట్టే తెలియదు. మెట్టు అంచుకు ముదురురంగు పట్టీ ఒకటి వేయించండి. అద్దంలా మెరిసే నేలమీద కిటికీ వెలుగు పడితే, పొడి నేల కూడా తడిగా కనిపించి ముసలివారు జంకుతారు. నడకలో ఆ జంకే సగం ప్రమాదం.

అత్తగారి నాపరాళ్ళ మాటకు వస్తాను, నిజం చెప్పాలంటే నా మనసూ అటే వుంది. నాపరాయి అంటే సున్నపురాయి. ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది. ఆ పొరల వెంబడే చీలుతుంది కనుక పెద్ద రంపాలు రాకముందు కూడా సాపు పలకలుగా తీయగలిగేవారు. నంద్యాల జిల్లా బేతంచర్ల రాయి, వికారాబాదు జిల్లా తాండూరు బండ, కర్ణాటకలోని షాబాదు బండ, నల్లగా నిగనిగలాడే కడప రాయి, అన్నీ ఈ కులమే. తాండూరులో పసుపుపచ్చవీ, నీలిబూడిద రంగువీ రెండూ దొరుకుతాయి. మార్కాపురం రాయి మాత్రం వేరే, అది పలకరాయి. మన తాతలు ఓనమాలు దిద్దిన పలకలు అక్కడివే.

నాపరాతి నేల సుగుణం ఏమిటంటే, పరిచిన తరవాతనే మిషను పెట్టి సాన పడతారు. ఎంత నునుపు కావాలో మనమే చెప్పవచ్చు. చివరి మెరుగు దాకా పోనివ్వకుండా ముందే ఆపిస్తే కాలికి మెత్తగానూ వుంటుంది, పట్టుగానూ వుంటుంది. పాతికేళ్ళు అరిగాక మళ్ళీ సానపట్టించుకోవచ్చు. మెరుగుపూత టైలుకు ఆ అదృష్టం లేదు, పూత పోతే టైలు పోయినట్టే.

రాయికి ఒకటే శత్రువు: పులుపు. సున్నపురాయిని ఆమ్లం తింటుంది. నిమ్మరసం, చింతపండు పులుసు, వినిగర్, స్నానాలగదులు కడిగే ఆసిడ్, ఏదైనా సరే. కడప రాతి గట్టుమీద నిమ్మచెక్క పెట్టి మరచిపోతే తెల్లారేసరికి తెల్లటి మచ్చ వుంటుంది. అది అంటుకున్న మరక కాదు, రాయి పైపొర కరిగిపోయిన గుర్తు. అంచేత ఎంత తోమినా పోదు, మళ్ళీ సానపట్టవలసిందే. చలువరాయిదీ ఇదే జాతకం. రాయి కొనేటప్పుడు ఏ జాతిదో సందేహం వస్తే ఒక ముక్కమీద నిమ్మరసం చుక్క వేసి కాసేపాగి తుడవండి. మెరుగు పోయిందంటే సున్నపు కులం. గ్రానైటుకు ఏమీ కాదు.

ఆ గ్రానైటు విషయంలో మేస్త్రి మాట అబద్ధం కాదు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తీసే నల్ల గ్రానైటులో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి, దాన్ని గెలాక్సీ అని దేశదేశాలకూ పంపుతారు. ఆ చుక్కలు బంగారం కాదు, బ్రాంజైటు అనే ఖనిజం. వంటగట్టుకు అంతకన్న మంచిది లేదు: పులుపుకు చలించదు, వేడిగిన్నె దింపినా బెదరదు. కాని సానపట్టిన గ్రానైటు తడిస్తే మెరుగు టైలుకు ఏమాత్రం తీసిపోకుండా జారుతుంది. తరతరాలు అది పడి వుండడం సరే, దానిమీద మనం పడకుండా వుండడం కూడా ముఖ్యం. మెట్లకు వేయిస్తే అంచున గాళ్ళు కొట్టించండి.

రాళ్ళు కొనేచోట ఒక బకెట్టు నీళ్ళు అడిగి పలకలమీద పోయించండి. ఆరుతున్నప్పుడు బీటలుంటే గీతల్లా బయటపడతాయి. వేలి కణుపుతో కొడితే మంచి రాయి కణకణమంటుంది, బీటవారినది మూగగా పలుకుతుంది. రంగు పలకకూ పలకకూ తేడా వుంటుందని వ్యాపారితో తగువుపడకండి, అది భూమి చేసిన సరుకు.

ఇదంతా విని నన్నే తీర్పు చెప్పమంటే: వీధి గదికీ పడకగదులకూ వారి శ్రీవారు కోరిన విట్రిఫైడే వేయించండి, కాని సానపట్టిన అద్దం కాకుండా మెరుపు లేని రకం. ఇప్పుడు అదీ అన్ని రంగుల్లోనూ వస్తున్నది. వంటగట్టుకు గ్రానైటు. స్నానాలగదులకు చిన్న గరుకు టైళ్ళు. అత్తగారు పొద్దున్నే కూర్చునే వరండాకూ, పెరటి వసారాకూ నాపరాయి. కొట్టువాడి తగ్గింపు పోతుంది. పోనివ్వండి.

సరుకు మంచిదైనా పరచడం చెడితే అంతా వృథా. కుండ జాతి టైలును నీళ్ళలో నానబెట్టి సిమెంటులో వేయడం మన మేస్త్రీలకు అలవాటు. విట్రిఫైడ్ నీరు తాగదు కనుక నానబెట్టి లాభం లేదు, ఉత్త సిమెంటుపాలు దాన్ని గట్టిగా పట్టుకోదు కూడా. దానికని వేరే టైల్ అడ్హెసివ్ అమ్ముతారు, ఖర్చు అనుకోకుండా అదే వాడించండి. వెనక అంతా పట్టేట్టు రాయాలి, నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి అతికిస్తే మధ్య డొల్ల మిగులుతుంది. పని అయిన మర్నాడు చెక్కపిడితో తట్టి చూడండి, డొల్లగా మోగిన టైలు మీద బొగ్గుతో గుర్తు పెట్టి మార్పించండి. సందు లేకుండా ఒకదానికొకటి ఒరిపించి వేయడం గొప్ప పనితనమని కొందరి భ్రమ. ఎండకు టైలూ నేలా కొంచెం సాగుతాయి, సాగడానికి చోటు లేకపోతే ఒకనాడు ఢామ్మని లేస్తాయి. 2 మిల్లీమీటర్ల సందయినా వుండాలి, గోడల పొడుగునా ఇంకొంచెం ఎక్కువ. అది గోడవార పట్టీ కింద కనబడదు.

ఎన్ని పెట్టెలు తేవాలో కూడా చెబుతాను. రెండడుగుల చదరపు టైళ్ళు పెట్టెకు నాలుగు వస్తాయి, అంటే సుమారు 15.5 చదరపుటడుగులు. గది 12 అడుగులకు 14 అయితే 168. కోతలకూ పగుళ్ళకూ నూటికి పది కలపండి, 185 అవుతుంది. పన్నెండు పెట్టెలు. పదమూడోది కూడా తెచ్చి అటకమీద పెట్టండి. పెట్టెలన్నిటిమీదా బ్యాచి నంబరూ, షేడు నంబరూ ఒకటేనో కాదో దింపుకునేటప్పుడే చూడండి. ఒకే పేరున్న తెలుపు రెండు బ్యాచీల్లో రెండు తెలుపులు. పదేళ్ళ తరవాత ఒక టైలు పగిలితే ఆ రంగు లోకంలో ఎక్కడా దొరకదు, అటకమీద తప్ప.

రోజువారీ శుభ్రానికి పెద్ద మంత్రాలు లేవు. తుడిచే ముందు చీపురుతో ఇసుక ఊడ్చండి. ఇసుకతో తడిగుడ్డ లాగితే గరుకుకాగితంతో రుద్దినట్టే. ఫినాయిలూ సబ్బుపొడీ ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రమనుకుంటారు గాని, ఆ జిడ్డు పొరగా నిలిచి నేల మసకబారుతుంది, జారుతుంది కూడా. కొద్దిగా వేసి, తరవాత మంచినీళ్ళతో ఒకసారి తుడిస్తే చాలు. బోరు ఉప్పునీటి వల్ల స్నానాలగదిలో తెల్లని పొక్కు కడుతుంది. పింగాణీ టైలు మీద దాన్ని నిమ్మచెక్కతోగాని నీళ్ళు కలిపిన వినిగర్‌తోగాని వదలగొట్టవచ్చు. అదే పని నాపరాయి మీద చేస్తే ఏమవుతుందో ఇందాకే చెప్పాను. అక్కడ మందు, ఇక్కడ విషం.

సందుల్లో నింపిన సిమెంటుకు పసుపు పట్టేస్తుంది. వంటింట్లో ఎపాక్సీ నింపిస్తే ఆ బాధ తగ్గుతుంది, ఖరీదు మాత్రం ఎక్కువ. మామూలు సిమెంటే వున్నవాళ్ళకు ఒక ఓదార్పు: పసుపు మరక ఎండ తగిలితే వెలుస్తుంది. దేవుడి గదిలో తెల్ల రాయి వుంటే కుంది కింద పళ్ళెం పెట్టండి. నూనె ఇంకిందంటే తినేసోడా నీళ్ళతో ముద్దచేసి పట్టించి, మూతవేసి, ఒక రోజు వుంచి తీయండి. ఒక్కసారికి పోకపోతే మళ్ళీ వేయండి. రాతికి సీలర్ పూయించమని కొట్టువాళ్ళు చెబుతారు. అది నూనె ఇంకకుండా ఆపుతుంది గాని పులుపును ఆపదు. రాతిమీద నీటిచుక్క వేస్తే కొద్ది నిమిషాల్లో నల్లబడితే సీలర్ అవసరం, లేకపోతే లేదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. నేల పని కాగానే సిమెంటు మరకలు పోవడానికి మేస్త్రి ఆసిడ్ పోస్తానంటాడు. నాపరాయి, చలువరాయి వున్నచోట ససేమిరా వద్దనండి. టైళ్ళ సందుల్లోని సిమెంటును కూడా అది తినేస్తుంది. ఇక ఇంట్లో ఆసిడ్ సీసా, బ్లీచింగు పౌడరు రెండూ వుంటే, తెల్లగా వస్తుందని రెండూ కలిపి స్నానాలగది కడగనివ్వకండి. రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది, తలుపు మూసిన చిన్న గదిలో ప్రాణం మీదికి వస్తుంది. పనిమనిషికి కూడా ఈ సంగతి విడమరచి చెప్పండి, కడిగేది ఆమె.

ఉత్తరం అంచున ఆ సోదరి సన్నటి అక్షరాలతో ఇంకో ప్రశ్న ఇరికించారు: పాత ఇంటి నాపరాళ్ళు పెరట్లో గోడకు ఆనించి వున్నాయట, వాటిని ట్రాక్టరు వాడు ఊరికే తీసుకుపోతానంటున్నాడట, ఇచ్చెయ్యనా అని. ఇవ్వకండి. వరండాకు సరిపోతాయేమో చూడండి. మూలలు విరిగినవి కోయించి చిన్న చదరాలు చేయవచ్చు, అరిగిన ముఖం మీద మళ్ళీ సాన పట్టవచ్చు, మరీ గుంటలు పడితే తిరగవేసి వెనకవైపు పరిపించవచ్చు. ఏ రాయి ఏ గదిలోదో అత్తగారికి గుర్తుండే వుంటుంది. ఆదివారం నాడు ఆమెకు కుర్చీ వేసి, పిల్లలచేత రాళ్ళు కడిగించి, మంచివి ఎన్నున్నాయో లెక్కపెట్టించండి.